ఆ ఘడియ జ్ఞానం ఎవరి వద్ద ఉంది?
మార్కు సువార్తలోని ఒక వాక్యం – క్రైస్తవుల వేర్వేరు వ్యాఖ్యానాలు – మనకు పాఠం

ప్రళయం ఎప్పుడొస్తుందని మక్కా ప్రజలు మహాప్రవక్త ముహమ్మద్ (స)ను మాటిమాటికీ అడిగేవారు. తెలుసుకోవాలని అడిగినవారు కొందరైతే, ఎగతాళి చేయాలని అడిగినవారు ఎక్కువమంది. ఎవరు ఏ ఉద్దేశంతో అడిగినా దివ్యఖుర్ఆన్ ఇచ్చిన జవాబు ఒక్కటే. దాని జ్ఞానం అల్లాహ్ వద్ద మాత్రమే ఉంది, దాని వేళ వచ్చినప్పుడు దాన్ని బయటపెట్టేవాడు ఆయనే, అది అకస్మాత్తుగా వచ్చిపడుతుంది (అల్ ఆరాఫ్: 187వ ఆయతు భావం). లుఖ్మాన్ సూరా చివరి ఆయతు, అహ్‌జాబ్ సూరా 63వ ఆయతు, నాజిఆత్ సూరా చివరి ఆయతులు ఈ సత్యాన్నే మళ్లీ మళ్లీ గుర్తుచేస్తాయి.

మన క్రైస్తవ సోదరులు చదివే మార్కు సువార్తలో కూడా ఈ విషయంపై ఒక వాక్యం ఉంది. అది 13వ అధ్యాయం 32వ వాక్యం. ఆ వాక్యాన్ని క్రైస్తవులందరూ ఒకే విధంగా అర్థం చేసుకోలేదు. వారి మధ్య ఉన్న ఆ తేడాలేమిటి, వాటిని మనం ఎలా చూడాలి అన్నదే ఈ నెల పాఠం.

మూడు ఊళ్లు, మూడు జవాబులు

ప్రొద్దుటూరులో బట్టల అంగడిలో పనిచేసే ఒక యువకుడు ఒకరోజు అసర్ నమాజు తర్వాత మా దగ్గర కూర్చున్నాడు. అతని ముఖంలో గెలిచిన సంతోషం ఉంది, లోపల ఏదో బాధ కూడా ఉంది. అదే అంగడిలో పనిచేసే ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అతను ఈ వాక్యం చూపించి అడిగాడట: "మీ దేవుడికి ప్రళయం ఎప్పుడో తెలియదంటనే, ఇంక ఆయన దేవుడెట్లయితాడు?" పదిమంది ముందర అడిగాడు. నలుగురు నవ్వారు. ఆ మిత్రుడు కాథలిక్ సంఘానికి చెందినవాడు, మన ప్రాంతంలో ఆర్.సి.ఎం. అంటారు. "ఆయనకు తెలియక కాదు, మనకు చెప్పడానికి రాలేదు" అని మాత్రం అన్నాడు. ఆరోజు నుంచి ఇద్దరూ కలిసి సద్ది విప్పడం మానేశారు.

మన యువకుడు అక్కడితో ఆగలేదు. వారి సొంత ఊరు జమ్మలమడుగు. అక్కడ సి.ఎస్.ఐ. సంఘానికి చెందిన ఒక రిటైర్డు పంతులు గారిని ఇదే ప్రశ్న అడిగాడు. ఆయన ఓపికగా విని, "దైవంగా ఆయనకు తెలుసు నాయనా, మనిషిగా తెలియదు" అన్నారు. తర్వాత ముద్దనూరు మీదుగా పులివెందులకు, నానీ వాళ్లింటికి పోయినప్పుడు, అక్కడి ఒక స్వతంత్ర సంఘం పాస్టరు గారిని అడిగాడు. "ఆయన భూమి మీదికి వచ్చేటప్పుడు తన మహిమను, జ్ఞానాన్ని పక్కన పెట్టి వచ్చాడు. అందుకే అప్పుడు ఆయనకు తెలియదు" అని పాస్టరు గారు చెప్పారట.

"మౌలానా సాబ్, ఒకే వాక్యానికి మూడు ఊళ్లలో మూడు జవాబులు! అడిగినప్పుడు అప్పటికప్పుడు కల్పించి చెప్తున్నారు, అంతే గదా?" అన్నాడు.

కాదు అని మేము చెప్పవలసి వచ్చింది. అతను విన్న మూడు జవాబుల్లో ఏదీ ఆ రోజు పుట్టింది కాదు. రెండింటికి దాదాపు పదహారు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మూడవది ఇప్పటి రూపంలో పంతొమ్మిదవ శతాబ్దంలో బలపడింది. ఒకరి జవాబు మనకు సరిపోదనిపించడం వేరు, వారు అబద్ధమాడుతున్నారని అనడం వేరు. రెండవది అపనింద. అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని అల్లాహ్ మనల్ని హెచ్చరించాడు (అల్ హుజురాత్: 12).

మన చుట్టూ ఉన్న క్రైస్తవులు ఒకే సంఘం కాదు

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. కడప ప్రాంతానికి లండన్ మిషనరీ సొసైటీ 1822లోనే వచ్చింది. జమ్మలమడుగులోని క్యాంబెల్ ఆసుపత్రి ఆ సొసైటీ సేవల నుంచి పుట్టినదే. మన తాతల కాలంలో ముస్లిం కుటుంబాలు కూడా వైద్యానికి ఆ ఆసుపత్రి గడప తొక్కినవే. 1947లో దక్షిణ భారతదేశంలోని పలు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి సి.ఎస్.ఐ.గా ఏర్పడ్డాయి. కాథలిక్కులు రోములోని పోపు నాయకత్వాన్ని అంగీకరించేవారు. కడప కేంద్రంగా వారి మేత్రాసనం 1976లో ఏర్పడింది. ఇవి గాక పెంతెకొస్తు సంఘాలు, ఎవరికీ లోబడని స్వతంత్ర సంఘాలు ఊరూరా ఉన్నాయి. కాబట్టి "క్రైస్తవులు ఇలా అంటారు" అని ఒకే మాటతో తేల్చడం న్యాయం కాదు. ఏ క్రైస్తవులు, ఏ ఆధారంతో అంటున్నారో అడిగి తెలుసుకోవాలి.

ఆ వాక్యం ఏమంటోంది?

అంతిమ దినానికి ముందు వచ్చే కష్టాలను, సూచనలను గురించి హజ్రత్ ఈసా (అ) తన శిష్యులకు చెప్పినట్లు ఆ అధ్యాయం వివరిస్తుంది. చివరికి ఆ దినం గానీ ఆ గడియ గానీ ఎవరికీ తెలియదని, దేవదూతలకూ తెలియదని, కుమారునికీ తెలియదని, తండ్రికి మాత్రమే తెలుసునని చెబుతుంది. ఇది దాని భావం. మత్తయి సువార్త 24:36లోనూ దాదాపు ఇదే మాట ఉంది. అయితే అక్కడ 'కుమారునికీ' అన్న పదం కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఉంది, చాలా ప్రతుల్లో లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు మత్తయిలో ఆ పదం కనిపించదు, మార్కులో మాత్రం ఉంది.

ఈ వాక్యం క్రైస్తవ పండితులకు ఎందుకు కష్టమైంది? ఎందుకంటే కుమారుడు తండ్రితో సమానుడు, ఒకే సారం గలవాడు అని క్రీ.శ. 325లో నైసియా మహాసభ తీర్మానించింది. యోహాను సువార్త 21:17లో పేతురు ఆయనతో, నీకు అన్నీ తెలుసు అన్న భావంలో మాట్లాడతాడు. అన్నీ తెలిసినవాడికి ఒకటి తెలియకపోవడం ఎలా? ఈ రెంటినీ కలపడానికే వ్యాఖ్యానాలు పుట్టాయి.

మొదటి వ్యాఖ్యానం: మనిషిగా తెలియదు, దైవంగా తెలుసు

జమ్మలమడుగు పంతులు గారు చెప్పింది ఇదే. నాలుగవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన అరియస్ అనుచరులు ఈ వాక్యాన్నే చూపించి, కుమారుడు తండ్రితో సమానుడు కాడని వాదించారు. వారికి జవాబుగా అదే నగరపు బిషప్పు అథనాసియస్, క్రీస్తు ఈ మాటను మానవ స్వభావాన్ని బట్టి అన్నాడని, ఆకలి, దప్పిక, నిద్ర మనిషికి ఉన్నట్లే తెలియకపోవడం కూడా మనిషికే చెందుతుందని రాశాడు. 451లో ఖల్కెదోను మహాసభ, క్రీస్తు ఒకే వ్యక్తి అయినా ఆయనలో రెండు స్వభావాలున్నాయని, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవని నిర్ణయించాక ఈ వ్యాఖ్యానానికి మరింత బలం వచ్చింది.

మనకు ఇక్కడ వచ్చే ప్రశ్న ఏమిటంటే, ఆ వాక్యం మనుషులు, దూతలు, కుమారుడు, తండ్రి అన్న క్రమంలో మెట్టు మెట్టుగా పైకి పోతోంది. దూతల కంటే పైమెట్టు మీద 'కుమారుడు' అన్న పేరుతో చెప్పిన మాటను కేవలం మానవ స్వభావానికి పరిమితం చేయడానికి ఆ వాక్యంలోనే ఆధారముందా? పైగా తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే వ్యక్తి అయితే, తెలియదని పలికింది ఎవరు?

రెండవ వ్యాఖ్యానం: తెలియజేయడానికి రాలేదు

ప్రొద్దుటూరు మిత్రుడు చెప్పింది ఇది. ఉత్తర ఆఫ్రికాకు చెందిన బిషప్పు అగస్టీను (మరణం 430) 'తెలియదు' అంటే 'ఇతరులకు తెలియజేయడు' అని అర్థం చెప్పాడు. దేవుడు ఇబ్రాహీము (అ)ను పరీక్షించాక, ఇప్పుడు నాకు తెలిసింది అన్నట్లు ఆదికాండము 22లో ఉన్న మాటను ఆయన పోల్చి చూపించాడు. దేవునికి ముందు తెలియదని కాదు, ఇబ్రాహీము (అ)కు తెలిసేలా చేశాడని దాని భావమన్నాడు. ఆరవ శతాబ్దంలో థెమిస్టియస్ అనే అలెగ్జాండ్రియా డీకను, క్రీస్తుకు నిజంగానే కొన్ని తెలియవు అని బోధించినప్పుడు పెద్ద వివాదం రేగింది. పోపు గ్రెగొరీ 600 ప్రాంతంలో రాసిన లేఖలో ఆ బోధను ఖండించాడు. 1992లో వెలువడిన కాథలిక్ మతబోధన గ్రంథం 474వ పేరా కూడా, దీన్ని వెల్లడించే పని క్రీస్తుకు అప్పగించబడలేదన్న భావాన్నే చెబుతుంది. అంగడిలో పనిచేసే ఆ కుర్రవాడు ఒక్క వాక్యంలో చెప్పింది తన సంఘం నేర్పిన మాటనే.

ఇది విని నవ్వే ముందు మనం ఒక ఆయతు గుర్తు తెచ్చుకోవాలి. ఖిబ్లా మార్పు సందర్భంలో, ప్రవక్తను ఎవరు అనుసరిస్తారో, ఎవరు వెనుదిరుగుతారో 'మేము తెలుసుకోవడానికి' అన్న మాట అల్ బఖరా 143వ ఆయతులో వస్తుంది. అల్లాహ్‌కు ముందుగా తెలియదా? ముమ్మాటికీ తెలుసు. 'బహిరంగం చేయడానికి, వేరుపరచి చూపడానికి' అని మన ముఫస్సిర్లు దానికి వివరణ ఇచ్చారు. అంటే 'తెలియడం' అన్న మాటకు 'తెలియజేయడం' అన్న అర్థం చెప్పడం మన తఫ్సీర్లలోనూ ఉన్న పద్ధతే. తేడా ఎక్కడుందంటే, అల్లాహ్‌కు ఫలానాది తెలియదని చెప్పే ఆయతు ఖుర్ఆన్‌లో ఒక్కటి కూడా లేదు. మార్కు వాక్యంలో ఉన్నది సూటిగా 'తెలియదు' అన్న మాట. అంతే కాదు, తెలియదంటే తెలియజేయడని అర్థమైతే, తండ్రి కూడా ఆ దినాన్ని ఎవరికీ తెలియజేయలేదు కదా! మరి తండ్రిని మాత్రం వేరుచేసి చెప్పడం దేనికి? ఇది మర్యాదగా అడగదగిన ప్రశ్న.

మూడవ వ్యాఖ్యానం: తన్ను తాను తగ్గించుకొన్నాడు

పులివెందుల పాస్టరు గారి జవాబు ఇది. ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక 2:7లో, క్రీస్తు తన్ను ఖాళీ చేసుకొని దాసుని రూపం దాల్చాడన్న భావం ఉంది. పంతొమ్మిదవ శతాబ్దంలో జర్మనీకి చెందిన లూథరన్ పండితుడు తొమాసియస్ దీన్ని ఒక సిద్ధాంతంగా విస్తరించాడు. ఇంగ్లండులో చార్లెస్ గోర్ 1889లో ప్రచురించిన వ్యాసంలో క్రీస్తు జ్ఞానానికి మానవ పరిమితులున్నాయని రాసినప్పుడు ఆయన సంఘంలోనే తీవ్ర చర్చ జరిగింది. సర్వజ్ఞానం వదిలేస్తే దైవత్వం మిగులుతుందా అని ప్రశ్నించినవారు క్రైస్తవ పండితులే. కునుకు గానీ నిద్ర గానీ దరిచేరని ప్రభువును ఆయతుల్ కుర్సీలో ప్రతిదినం స్మరించే మనకు కూడా ఇదే ప్రశ్న కలుగుతుంది.

మరికొందరి మాట

కప్పదోకియకు చెందిన బాసిలు అనే బిషప్పు నాలుగవ శతాబ్దంలోనే మరో దారి చూపాడు. కుమారుని జ్ఞానం తండ్రి నుంచి వచ్చిందే, తండ్రికి తెలియకుంటే కుమారునికీ తెలిసేది కాదు అన్నదే ఆ మాట సారమన్నాడు. యెహోవాసాక్షులు మాత్రం వాక్యాన్ని ఉన్నదున్నట్లు తీసుకొని, కుమారుడు తండ్రి కంటే తక్కువవాడు, సృష్టించబడినవాడు అంటారు. ఈ కారణంగా మిగతా సంఘాలు వారిని అంగీకరించవు. వారు మనకు దగ్గరగా కనిపించినా, హజ్రత్ ఈసా (అ)ను సృష్టికి ముందే ఉన్నవాడిగా, దేవుని కుమారునిగా నమ్ముతారు. కనుక వారి మాట కూడా మన విశ్వాసం కాదు.

మన విశ్వాసం ఏమిటి?

హజ్రత్ ఈసా (అ) అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త, కన్య అయిన హజ్రత్ మర్యమ్ (అ) కుమారుడు. అల్ మాయిదా సూరా 116వ ఆయతులో, తీర్పు దినాన అల్లాహ్ ఆయన్ని ప్రశ్నించే దృశ్యం ఉంది. నా మనసులో ఉన్నది నీకు తెలుసు, నీ వద్ద ఉన్నది నాకు తెలియదు, అగోచరాలను ఎరిగినవాడివి నీవే అన్న భావంతో ఆయన జవాబిస్తారు. 'నాకు తెలియదు' అని చెప్పుకోవడం మన దృష్టిలో ఆయనకు లోటు కాదు, దాస్యానికి శోభ. మన ప్రవక్త (స) కూడా అలాగే చెప్పారు. మనిషి రూపంలో వచ్చిన జిబ్రీల్ (అ) ప్రళయ ఘడియ గురించి అడిగితే, ఈ విషయంలో అడిగిన వాని కంటే అడగబడిన వానికి ఎక్కువ తెలియదని జవాబిచ్చారు (ముస్లిం). దూతలలో శ్రేష్ఠుడు, ప్రవక్తలలో చివరివారు, ఇద్దరికీ తెలియని విషయం అది.

ఇంత స్పష్టమైన విషయంలో మనకు గ్రంథ వివరణలో తేడాలే లేవనుకోవడం కూడా పొరపాటు. అజ్ జుఖ్రుఫ్ సూరా 61వ ఆయతులో ప్రళయ ఘడియకు ఒక సూచన ప్రస్తావన ఉంది. అది హజ్రత్ ఈసా (అ) పునరాగమనమని ఎక్కువమంది ముఫస్సిర్లు చెప్పగా, కొందరు ఖుర్ఆన్ అని చెప్పారు. కొన్ని ఆయతులు స్పష్టమైనవని, కొన్ని ముతషాబిహాత్ అని, హృదయంలో వక్రత ఉన్నవారు కలహం కోరి రెండవ వాటి వెంట పడతారని ఆలి ఇమ్రాన్ 7వ ఆయతు హెచ్చరిస్తుంది. మన గ్రంథం పట్ల మనం పాటించే ఈ జాగ్రత్తను, ఇతరుల గ్రంథం తెరిచినప్పుడు మాత్రం మరచిపోతే ఎలా?

తేదీలు చెప్పినవారి గతి

ఈ వాక్యాన్ని పట్టించుకోక తేదీలు కట్టినవారు క్రైస్తవుల్లో ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ బోధను నమ్మినవారు 1844 అక్టోబర్ 22 కోసం ఎదురుచూశారు. ఆ రోజు వచ్చింది, పోయింది. అదే దేశంలో హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, తర్వాత అదే ఏడాది అక్టోబర్ 21 అన్నాడు. 2012లో తన తప్పును తానే బహిరంగంగా ఒప్పుకొన్నాడు.

మరి మన ఇళ్ల సంగతి? 'చౌదవీ సదీ' చివరిది, దాని తర్వాత శతాబ్దమే లేదని మన పెద్దలు అనుకోవడం చాలామంది వినే ఉంటారు. హిజ్రీ 1400 దాటి పదిహేనవ శతాబ్దం నడుస్తూనే ఉంది. ఆ 1400వ సంవత్సరం మొదటి రోజునే, 1979 నవంబర్ 20న, కొందరు ఆయుధాలతో మస్జిదె హరామ్‌ను ఆక్రమించి, తమలో ఒకడు మహ్దీ అని ప్రకటించారు. రెండు వారాలు ఆ పవిత్ర స్థలంలో రక్తం పారింది. అల్లాహ్ దాచిన జ్ఞానం తమకు దొరికిందనుకొన్నవారు ఎంత దూరం పోగలరో చూడండి. మదీనాలో షేక్ అహ్మద్ అనే ఆయనకు కల వచ్చిందని, ప్రళయం దగ్గరపడిందని, కాపీలు తీసి పంచకుంటే కీడు జరుగుతుందని చెప్పే కరపత్రం మనవారి ఇళ్లలోకి తరతరాలుగా వస్తూనే ఉంది. ఇప్పుడది సెల్‌ఫోనులో వస్తోంది. దాన్ని భయంతో నలుగురికి పంపినవారు, పక్కింటి క్రైస్తవుణ్ణి ఈ వాక్యం పెట్టి ప్రశ్నించే ముందు తమను తాము ప్రశ్నించుకోవాలి.

మాట్లాడే మర్యాద

గ్రంథ ప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని అల్ అన్‌కబూత్ 46వ ఆయతు ఆదేశిస్తుంది. వారి గ్రంథంలోని మాటలు మన ముందు చెప్పినప్పుడు గుడ్డిగా నిజమనీ అనవద్దు, అబద్ధమనీ అనవద్దు అన్నది బుఖారీలోని హదీసు భావం. ఈ పాఠం నుంచి మనం గ్రహించవలసినవి ఇవి:

1. ఒక్క వాక్యం పట్టుకొని కాదు, దాని ముందూ వెనకా చదివి మాట్లాడాలి.

2. ఎదుటి వ్యక్తి ఏ సంఘానికి చెందినవాడో, అతని సంఘం ఏమంటుందో మొదట వినాలి. అతను చెప్పిన జవాబును అతను మెచ్చేలా తిరిగి చెప్పగలిగాకనే మన ప్రశ్న వేయాలి.

3. నలుగురి ముందు నవ్వులపాలు చేయడం సందేశ ప్రచారం కాదు. అది మనసు తలుపులు మూసేస్తుంది.

4. మన విశ్వాసాన్ని దాచకూడదు, మెత్తబరచకూడదు. త్రిత్వాన్ని మనం అంగీకరించమని మృదువుగా, స్పష్టంగా చెప్పాలి.

5. ఇతరుల గ్రంథానికి ఒక కొలబద్ద, మన గ్రంథానికి ఒక కొలబద్ద పెట్టకూడదు.

ఇవన్నీ ఆ యువకుడికి చెప్పి, "ముందు పోయి నీ మిత్రుడికి క్షమాపణ చెప్పు. ప్రశ్న తప్పని కాదు, అడిగిన తీరు తప్పని చెప్పు" అన్నాము. కొన్ని రోజుల తర్వాత అతను మళ్లీ వచ్చాడు. ఆ మిత్రుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. చివరికి, "సరే, మీ ఖుర్ఆన్‌లో దీని గురించి ఏముందో చెప్పు" అని తానే అడిగాడట. ఇతను లుఖ్మాన్ సూరా చివరి ఆయతు భావం వినిపించాడు. వారిద్దరి విశ్వాసాల మధ్య ఉన్న తేడా అలాగే ఉంది. సద్ది మాత్రం మళ్లీ ఒకేచోట విప్పుతున్నారు. సన్మార్గం చూపడం అల్లాహ్ చేతిలో ఉంది. మాట చేరవేయడం, అదీ అందంగా చేరవేయడం మన బాధ్యత.

ఒకసారి ఒక వ్యక్తి ప్రళయం ఎప్పుడని దైవప్రవక్త (స)ను అడిగాడు. దానికోసం నువ్వేం సిద్ధం చేసుకొన్నావని ఆయన తిరిగి ప్రశ్నించారు. అల్లాహ్‌పై, ఆయన ప్రవక్తపై ప్రేమ తప్ప నా దగ్గర పెద్దగా ఏమీ లేదన్నాడు ఆ వ్యక్తి. నువ్వు ప్రేమించినవారితోనే ఉంటావని ఆయన శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). ఆ మాట విని తమకు కలిగినంత సంతోషం ఇస్లాం స్వీకరించాక మరి దేనివల్లా కలగలేదని హజ్రత్ అనస్ (రజి) చెప్పేవారు. తేదీ మన చేతిలో లేదు. తయారీ మన చేతిలో ఉంది.

అల్లాహ్ మనకు తెలిసినదాన్ని ఆచరించే శక్తినీ, తెలియనిదాన్ని 'అల్లాహ్‌కే తెలుసు' అని ఒప్పుకొనే వినయాన్నీ, ఇరుగుపొరుగుతో న్యాయంగా మాట్లాడే నాలుకనూ ప్రసాదించుగాక! ఆమీన్.